రోహిణికి దక్షిణాన ఒక మసక చుక్క

రోహిణిని మన ఇళ్లలో కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. రోహిణీ కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు. ఆ కార్తెలో సూర్యుడు ఆ చుక్క దాపున ఉంటాడు గనుక అప్పుడది మనకు కనిపించదు. దానిని చూడవలసినది చలికాలంలో. సంక్రాంతి నాళ్లలో రాత్రి తొమ్మిది దాటిన తరువాత చిక్కబళ్లాపురంలోగాని, బాగేపల్లిలోగాని, చింతామణిలోగాని మిద్దెమీదికి పోయి తల పైకెత్తితే, దాదాపు నడినెత్తిన, కొంచెం ఉత్తరానికి ఒరిగి, నారింజ వన్నెలో ఒక పెద్ద చుక్క వెలుగుతూ ఉంటుంది. అదే రోహిణి.

అక్కడినుండి చూపును నేరుగా దక్షిణానికి దింపుకొంటూ రావాలి. నేల అంచుకు పదమూడు, పధ్నాలుగు డిగ్రీల ఎత్తున, అనగా చాచిన చేతి పిడికిలి ఒకటిన్నర ఎత్తున, రోహిణి ఉన్న నిలువుగీతమీదనే మరొక ఎర్ర చుక్క ఉన్నది. రోహిణి నడినెత్తికి వచ్చే వేళకే అదీ తన ఎత్తైన చోటికి వస్తుంది. రెంటికీ తేడా రెండు మూడు నిమిషాలే. కాని అది వట్టి కంటికి కనిపించదు. దాని పేరు ఆర్ రెటిక్యులై. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ కనిపించని చుక్కను గురించి. ఏలయనగా దాని వెలుగు మారుతున్నదని లోకానికి మొదట చెప్పినవాడు మన దక్షిణదేశపువాడు. చెప్పినది 1867 జనవరిలో, మద్రాసునుండి.

ముందు ఈ ఎర్ర చుక్కల స్వభావం కొంత చెప్పవలసి ఉన్నది. కమ్మరి కొలిమిలో ఇనుమును చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. బాగా కాగిన ఇనుము తెల్లగా మెరుస్తుంది. అంత కాగనిది ఎర్రగా ఉంటుంది. చుక్కలూ అంతే. మన సూర్యుని పైభాగపు వేడి సుమారు 5,500 డిగ్రీలు. రోహిణిది సుమారు 3,600. ఆర్ రెటిక్యులై జాతి చుక్కలది ఇంకా తక్కువ, 2,700 డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను దిగువ. వేడి తక్కువైతే వెలుగూ తక్కువ కావాలి గదా, మరి రోహిణి అంత ప్రకాశంగా ఎట్లా ఉన్నదని అడగవచ్చును. దానికి జవాబు ఆకారం. రోహిణి అడ్డుకొలత సూర్యునికి నలభై రెట్లకు పైన. పొయ్యిలో మంట మందమైనా పొయ్యి ఊరంత ఉంటే వెలుగుకు కొదువ ఏమి? ఇటువంటి వాటినే అరుణ బృహత్తారలు అంటారు. ఆర్ రెటిక్యులై జాతివి మరీ పెద్దవి. అటువంటి చుక్కను తెచ్చి సూర్యుని చోట పెడితే అది బుధ శుక్రుల దారులను మింగి, ఇంచుమించు భూమి తిరిగే బాటదాకా వచ్చి ఉంటుంది. అంత పెద్దదైనా మనకు మసకగా కనిపించడానికి కారణం దూరం. రోహిణి వెలుగు మనలను చేరడానికి 65 ఏండ్లు పడుతుంది. ఇది దానికంటె ఎన్నో రెట్లు దూరాన ఉన్నది.

మసకతనం ఒక్కటే అయితే దీనిని గురించి ఇంత చెప్పనక్కరలేదు. ఇది నిలకడగా మసకది కాదు. బాగా వెలిగినప్పుడు సుమారు ఆరున్నర తరగతి, అనగా మంచి చూపుకు ఆవలి గట్టునే, ఒక మామూలు బైనాక్యులర్‌కు అందేటంత. అటు తరువాత తగ్గి తగ్గి పధ్నాలుగవ తరగతికి దిగిపోతుంది. చుక్కల తరగతులలో ఐదు మెట్లకు వెలుగు నూరు రెట్లు మారుతుంది. ఈ లెక్కను 1856లో స్థిరపరచినవాడు నార్మన్ పోగ్సన్. ఆ ప్రకారం గుణిస్తే ఈ చుక్క తన మంచి దినాలకూ చెడ్డ దినాలకూ మధ్య వెయ్యి రెట్లకు పైగా మారుతున్నది. ఒకసారి వెలిగి, తగ్గి, మరల వెలగడానికి సుమారు 278 దినాలు. తల్లి బిడ్డను మోసే కాలం ఇంచుమించు ఇంతే. ఇది కేవలం యాదృచ్ఛికమే అనుకోండి, అయినా గుర్తు పెట్టుకోవడానికి మా ఇంటివారికి ఇంతకంటె మంచి కొలత దొరకలేదు.

వెయ్యి రెట్లు మారుతుందంటే చుక్కలోని మంట వెయ్యి రెట్లు హెచ్చి తగ్గుతున్నదని కాదు. ఇక్కడే విశేషం ఉన్నది. ఈ చుక్క గుండె కొట్టుకొన్నట్లు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఉబ్బినప్పుడు పైపొరలు చల్లబడతాయి. అంత చల్లబడినచోట టైటానియం, ఆక్సిజన్ కలిసి ఆవిరిగా ఏర్పడుతుంది. ఇది మనకు కనిపించే వెలుగును అడ్డగిస్తుంది. లాంతరు చిమ్నీకి మసి పట్టినట్లన్నమాట. లోపల వత్తి వెలుగుతూనే ఉంటుంది, బయటికి రాదు. కంటికి కనిపించని వేడి కిరణాలను కొలిచే పరికరంతో చూస్తే ఈ జాతి చుక్కలలో మార్పు చాలా తక్కువ. కనుక మనము చూచే హెచ్చుతగ్గులలో అధికభాగం మసిది, మంటది కాదు.

ఈ జాతికి మైరా జాతి అని పేరు. 1596లో ఫాబ్రిషియస్ అనే ఆయన తిమింగల మండలంలో ఇటువంటి చుక్కను మొదట గమనించినాడు. మైరా అంటే అద్భుతమైనది అని అర్థం. అది ఉత్తరదేశాలవారికి చక్కగా కనిపించేది. మన చుక్క అట్లా కాదు. అది ఆకాశంలో ఎంత దక్షిణాన ఉన్నదంటే లండనులో గాని, పారిసులో గాని, మన ఢిల్లీలో గాని ఎప్పటికీ పైకి రాదు. భూమధ్యరేఖకు 27 డిగ్రీలకంటె ఉత్తరాన ఉన్నవారికి అది ఉన్నట్లే తెలియదు. మద్రాసు 13 డిగ్రీల మీద ఉన్నది. మన నందికొండ కూడా 13 డిగ్రీల చిల్లర. ఆ విధంగా ఈ చుక్క మన వంటివారి వాటాకు వచ్చినది.

ఇక కనుగొన్నవారి సంగతి. ఆయన పేరు చింతామణి రఘునాథాచారి. చింతామణి అన్న మాట చూచి మా ఊరివాడే అని మన పాఠకులలో కొందరు సంబరపడవచ్చును. పేరొక్కటి కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు గదా! ఆయన మద్రాసు వేధశాలలో చిన్న వయస్సులో చేరి, 1864 నుండి 1880 ఫిబ్రవరిలో కాలం చేసేవరకు ఫస్ట్ అసిస్టెంటుగా పనిచేసినారు. అప్పటి అధికారి పైన చెప్పిన పోగ్సన్ దొరయే.

ఆయన నిత్యం చేసిన పని ఏమిటో చెప్తే గుమాస్తా ఉద్యోగంలో ఉన్న మావంటివారికి వెంటనే మనస్సుకు పడుతుంది. ఆ వేధశాలలో 1862 నుండి ఒక యామ్యోత్తర దుర్భిణితో పని జరిగేది. అది అన్ని వైపులకూ తిరిగేది కాదు. ఉత్తర దక్షిణాలుగా పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. కంటి దగ్గర సన్నని నిలువు దారాలు కట్టి ఉంటాయి. భూమి తిరుగుతుంది గనుక చుక్క తనంతట తానే వచ్చి ఒక్కొక్క దారాన్నీ దాటుతుంది. ఏ దారాన్ని ఏ క్షణంలో దాటినదో గడియారాన్ని బట్టి వ్రాసుకోవాలి. ఎత్తు ఎంతో చక్రంమీద చదువుకోవాలి. వెలుగు ఎంతో అంచనా కట్టాలి. ఆ చుక్క పోయిన వెంటనే మరొకటి. ఇట్లా ఏండ్ల తరబడి అయిదువేలకు పైగా చుక్కల పట్టిక తయారయినది. ఒక విధంగా ఇది ఆకాశానికి ఇన్‌వార్డు రిజిస్టరు. వచ్చిన టపాను వచ్చిన వేళకు నమోదు చేయడమే పని. ఉత్తరంలో ఏమున్నదో తరువాత ఎవరో చూచుకొంటారు.

అయితే రిజిస్టరు వ్రాసేవారిలో రెండు రకాలు. అంకె వేసి ఊరకుండేవారు ఒకరు. క్రిందటి పుట తిప్పి, ఈ అంకె ఆ అంకెతో ఎందుకు కలియలేదని చూచేవారు ఇంకొకరు. వెలుగు మారే చుక్క ఒక్క రాత్రిలో దొరకదు. ఏ ఒక్క రాత్రి చూచినా అది మామూలు చుక్కే. రెండు అంకెలు పక్కపక్కన పెట్టినవానికే అది దొరుకుతుంది. రఘునాథాచారిగారికి అట్లా దొరికినది. చిత్రమేమిటంటే ఆ చుక్క ఉన్న మండలానికి పేరే రెటిక్యులం, అనగా దుర్భిణి కంటిలో కట్టే ఆ దారాల అల్లిక. ఒక మండలంలో మొదట తెలిసిన చరకాంతి తారకు ఆర్ అనే అక్షరం ఇవ్వడం మర్యాద. కనుక ఆర్ అన్న అక్షరమే ఆయన ముందుగా వచ్చినట్లు సాక్ష్యం. ఆధునిక కాలంలో ఒక భారతీయుని పేర నమోదయిన మొదటి ఖగోళ ఆవిష్కారం ఇదేనని చరిత్ర వ్రాసినవారు అంటారు. 1872లో లండనులోని రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా తీసుకొన్నది. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా దాటిన సందర్భంలో ఆయన ప్రజలకోసం ఒక చిన్న పుస్తకం వ్రాసి ఇంగ్లీషులోను, కన్నడంలోను, ఉర్దూలోను వేయించినారు. అటు పంచాంగమూ ఇటు దుర్భిణీ రెండూ తెలిసిన మనిషి.

మన తెలుగు నేలకూ ఆయనకూ ఒక సంబంధం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు మద్రాసునుండి రెండు జట్లు బయలుదేరినవి. పోగ్సన్ మచిలీపట్నం పోయినాడు. రఘునాథాచారి జట్టు నిజాం రాజ్యంలోని వనపర్తికి పోయినది. ఫ్రెంచివాడు జాన్సెన్ గుంటూరులో దిగినాడు. ఆ గ్రహణంతో మొదలయిన పరిశీలనలలోనే సూర్యుని వెలుగులో ఒక కొత్త పసుపు గీత బయటపడినది. అది ఏ తెలిసిన పదార్థానికీ సరిపోలేదు. దానికి హీలియం అని పేరు పెట్టినారు. భూమిమీద అది దొరికినది 1895లో. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, ఎర్ర చుక్క ఎందుకు ఎర్రబడుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ హీలియంలోనే ఉన్నది.

సూర్యునివంటి చుక్క నడుమ హైడ్రోజన్ మండి హీలియం అవుతుంది. పొయ్యిలో బూడిద పేరుకొన్నట్లు హీలియం నడుమ పేరుకొంటుంది. నడుమ కట్టె అయిపోతే మంట బూడిద చుట్టూ ఉన్న పొరకు పాకుతుంది; లోపలి ముద్ద కుదించుకొంటుంది; పైభాగం మాత్రం ఉబ్బి, పలచబడి, చల్లబడి ఎర్రనవుతుంది. రోహిణి ఇటువంటి స్థితిలో ఉన్నది. తరువాత నడుమ వేడి పదికోట్ల డిగ్రీలకు చేరినప్పుడు ఆ బూడిదే తిరిగి అంటుకొంటుంది. హీలియం మండి కార్బన్ అవుతుంది. అదీ అయిపోయినాక చుక్క రెండవసారి, మరింతగా ఉబ్బుతుంది. ఆర్ రెటిక్యులై ఉన్నది ఆ కడపటి ఘట్టంలో. మన సూర్యునికీ సుమారు 500 కోట్ల సంవత్సరాలకు ఈ దశ తప్పదు. అంతవరకు మన సంఘం వార్షికోత్సవాలు నిరాటంకంగా జరుపుకోవచ్చును.

ముసలి చుక్క అనగానే పనికిరానిదని తలచరాదు. 1952లో పాల్ మెరిల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ జాతికి చెందిన కొన్ని ఎర్ర చుక్కల వెలుగులో టెక్నీషియం అనే లోహపు గీతలను చూచినాడు. ఆ లోహం నిలిచేది కాదు. దానిలో మిక్కిలి గట్టి రకం కూడ నలభై లక్షల ఏండ్ల చిల్లరలో సగానికి సగం కరిగిపోతుంది. చుక్క వయస్సు అంతకంటె ఎన్నో రెట్లు. కనుక పుట్టుకతో వచ్చినది ఎప్పుడో పోయి ఉండాలి. ఇప్పుడు ఉన్నదంటే లోపల ఇప్పుడే తయారవుతున్నది. చుక్కలు మూలపదార్థాలను వండుతున్నవనడానికి ఇంత సూటి నిదర్శనం మరొకటి లేదు. అట్లా వండినదానిని ఈ చుక్కలు ఆవిరిగా, ధూళిగా మెల్లమెల్లగా బయటికి ఊదేస్తాయి. మన ఒంటిలోని కార్బన్‌లో చాలాభాగం ఏనాటివో ఇటువంటి పొయ్యిలమీదినుండి దిగినదే.

నందికొండలలో పుట్టిన ఏరులలో పాలారు ఒకటి. అది దిగువకు పోయి వాణియంబాడి దాటే చోట దక్షిణంగా జవ్వాది కొండలు ఉన్నవి. ఆ కొండలలోని కావలూరులో 1968 నుండి వేధశాల పనిచేస్తున్నది. దానిని అక్కడ నెలకొల్పినది వేణు బప్పు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. బేగంపేటలో పెరిగిన ఆ బాలుడు చదువుకొనే రోజులలోనే వెలుగు మారే చుక్కలను గమనించేవాడు. 1957లో ఆయనా, అమెరికావాడయిన ఓలిన్ విల్సనూ కలిసి ఒక సంగతి ప్రకటించినారు. చల్లని చుక్కల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ ఒక సన్నని వెలుగురేఖ ఉంటుంది. ఆ రేఖ ఎంత వెడల్పయితే చుక్క నిజంగా అంత ప్రకాశవంతమయినది. నిజమయిన ప్రకాశం తెలిసి, కనిపించే ప్రకాశం కొలిస్తే దూరం లెక్కకట్టవచ్చును. పెద్ద దీపం దూరాన ఉన్నదా, చిన్న దీపం దగ్గర ఉన్నదా అన్న పాత చిక్కుకు అదొక పరిష్కారం.

ఆ పరంపర ఆగలేదు. మన చేతిలోని ఫోను బ్యాటరీలో ఉండే లిథియం చుక్క లోపలి వేడికి తట్టుకోలేక నశిస్తుంది. కాబట్టి ఎర్ర చుక్కలలో అది దాదాపు ఉండరాదు. అయినా నూటికి ఒకటి అరలో విపరీతంగా కనిపిస్తున్నది. ఎందుకు? బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన భరత్ కుమార్, ఈశ్వర రెడ్డి గారలు, డేవిడ్ లాంబర్ట్‌తో కలిసి 2011లో రెండువేల ఎర్ర చుక్కలను వడపోసి, లిథియం హెచ్చుగా ఉన్నవి కొత్తగా పదిహేను కనుగొన్నారు. 2020లో మొదటి ఇద్దరూ మరికొందరితో కలిసి లక్షల చుక్కల పట్టికలనుండి ఇంకొక మాట తేల్చినారు. హీలియం అంటుకొనే ఘట్టం దాటిన సూర్యునివంటి చుక్కలన్నింటిలోను లిథియం అంతకుముందుకంటె సుమారు 40 రెట్లు పెరుగుతున్నది. అది ఎట్లా అన్నది ఇంకను తర్కంలోనే ఉన్నది. 2011 పనిలో కొంత కావలూరులోను, కొంత లడఖ్‌లోని హాన్లేలోను జరిగినది. హాన్లే దుర్భిణిని నడిపేది ఎక్కడినుండి అనుకొన్నారు? హొసకోటనుండి. మన చింతామణి బస్సు బెంగుళూరుకు పోతూ దాటే హొసకోటే. అక్కడి కేంద్రంలో కూర్చొని ఉపగ్రహం మూలంగా నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న దుర్భిణిని తిప్పుతారు.

కాని హాన్లేనుండి ఆర్ రెటిక్యులై కనిపించదు. అది 32 డిగ్రీలు దాటిన చోటు. మన చుక్క అక్కడ నేలకు అడుగుననే ఉండిపోతుంది. 2022లో హాన్లే చుట్టుపట్ల చీకటిని కాపాడడానికి ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించినారు. గ్రామస్థులు దీపాలకు మూతలు వేసుకొంటున్నారు. చాలా మంచిపని. అయితే ఆ చీకటి ఈ చుక్కకు ఉపయోగపడదు. దీనికి కావలసినది దక్షిణదేశపు చీకటి, అందునా దక్షిణపు అంచున చీకటి.

మన నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. దక్షిణానికి అడ్డం లేదు. అంతవరకు బాగున్నది. కాని కొండకు దక్షిణాన ఉన్నది ఏమిటి? దేవనహళ్ళి, 2008లో తెరచిన విమానాశ్రయం, ఆపైన బెంగుళూరు మహానగరం. రోహిణినుండి చూపు దించుకొంటూ వచ్చి ఆగవలసిన చోటునే రాత్రంతా పసుపుపచ్చని కాంతి పొగలాగ నిలిచి ఉంటుంది. దానికి తోడు అంత క్రిందుగా ఉన్న చుక్క వెలుగు, నడినెత్తి చుక్కకంటె నాలుగు రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. 1867లో మద్రాసు నగరం నడుమనుండి కనిపించిన చుక్క ఇప్పుడు కొండ శిఖరంనుండి దొరకడం కష్టమయినది. ఊరు పెరగకూడదని మేము అనము. మా పిల్లల ఉద్యోగాలూ అక్కడే. దీపం వెలుగు దారిమీద పడాలి. ఆకాశంమీద పడిన వెలుగు ఎవరికి దారి చూపుతుంది? వీధిదీపానికి పైన మూత వేయడానికి శాస్త్రం చదవనక్కరలేదు.

ప్రయత్నించదలచినవారు నగరాన్ని ఉత్తరానికి వదలి దక్షిణంగా పోవాలి. కావలూరు కొండల వైపుగాని, మరెక్కడగాని దక్షిణాన పెద్ద ఊరు లేని చోటికి. చంద్రుడు లేని రాత్రి కావాలి. అగస్త్య నక్షత్రాన్ని ముందు గుర్తించండి; దానికి కుడివైపు కొంచెం దిగువగా, పిడికిళ్లు రెండింటి దూరంలో రెటిక్యులం ఉన్నది. చుక్క హెచ్చుకాలంలో మంచి బైనాక్యులర్ అందుకోవచ్చును. చిన్న దుర్భిణి ఉంటే భరోసా. హెచ్చుకాలం ఎప్పుడన్నదానికి 278 దినాల లెక్క ఉన్నది. నాలుగు ఆవృత్తులు అయ్యేసరికి 1,112 దినాలు, అనగా మూడేండ్లమీద పదహారు దినాలు. కనుక ఒక సంక్రాంతికి హెచ్చులో ఉన్న చుక్క మరల మూడేండ్లకు మాఘమాసపు ప్రాంతంలో హెచ్చులో కనబడుతుంది. ఇది అంత ఖచ్చితంగా నడిచే గడియారం కాదు. కొన్ని దినాలు అటు ఇటు తప్పుతుంది. అందుకే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

చూచినది వ్రాసి పంపితే తీసుకొనేవారు ఉన్నారు. అమెరికాలో 1911లో స్థాపించిన చరకాంతి తారల సంఘం ప్రపంచమంతటినుండి వచ్చే ఇటువంటి అంచనాలను భద్రపరుస్తున్నది. పంపేవారిలో పట్టభద్రులు కానివారు ఎందరో. పని కష్టమయినది కాదు. చుక్కకు పక్కన ఉన్న, తరగతి తెలిసిన చుక్కలు రెండు తీసుకొని, ఇది దానికంటె మసక, దీనికంటె వెలుగు అని నిర్ణయించాలి. నోటుపుస్తకంలో తేదీ, గంట, పోల్చిన చుక్కలు, మన అంచనా, ఈ నాలుగు గడులు చాలు. ఒకవేళ చుక్క అసలే కనిపించకపోతే ఆ గడి ఖాళీగా విడువకూడదు. తొమ్మిదవ తరగతి వరకు కనిపించినవి, ఇది కనిపించలేదు అని వ్రాయాలి. అదీ లెక్కలోకి తీసుకొంటారు.